పెద్దల మెదడు, ఇంటి నూనె: అరవై దాటినవారి వంటలో కొవ్వును సరిదిద్దుకునే పద్ధతి

మదనపల్లె వదిలి బెంగళూరులో మా దగ్గరికి వచ్చిన రెండో ఏడాది మా అత్తయ్య ప్రతి ఉదయం పరగడుపున రెండు చెంచాల కొబ్బరి నూనె తాగడం మొదలుపెట్టారు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఎవరో ఫోనుకు పంపిన వీడియో ఆవిడను అంతగా నమ్మించింది. అదే ఇంట్లో మామయ్య, రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువగా వచ్చిందన్న భయంతో నెయ్యి, నూనె, వేరుశనగ గింజలు ఒక్కసారిగా మానేసి, నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గిపోయారు. ఒకరు మెదడు కోసం కొవ్వు తాగుతుంటే మరొకరు గుండె కోసం కొవ్వును వెలివేశారు. ఇద్దరికీ ఒకే పొయ్యి మీద వండిపెట్టవలసిన మనిషిగా నేను ఈ విషయాన్ని శ్రద్ధగా చదివి, వైద్యులను అడిగి, వంటింట్లో ఏడాదికి పైగా అమలు చేసి చూసిన తరువాత కుదిరిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గ్రహించవలసినది ఒకటుంది. మెదడు ఘనపదార్థంలో సగానికి పైగా కొవ్వే, అయినా మనం తిన్న కొవ్వు నేరుగా వెళ్లి అక్కడ పేరుకోదు. మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను తానే తయారుచేసుకుంటుంది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకుంటూ తిరిగే ఎల్‌డీఎల్ కణాలు (చెడు కొలెస్ట్రాల్ అని పిలిచేది వీటినే) మెదడు చుట్టూ ఉన్న రక్షణ పొరను దాటి లోపలికి పోలేవు. కాబట్టి నెయ్యి ఎక్కువ తింటే మెదడుకు కొలెస్ట్రాల్ అందుతుందన్న వాదనలో పస లేదు. మన ఆహారంలోని కొవ్వు ప్రభావం మెదడు మీద ప్రధానంగా పడేది రక్తనాళాల ద్వారా. మెడలోని పెద్ద ధమనులు, మెదడులోని వెంట్రుకల్లాంటి సన్నని నాళాలు గట్టిపడి పూడుకుపోతే, పక్షవాతం రూపంలో ఒక్కసారిగానో, పైకి తెలియని చిన్నచిన్న దెబ్బల రూపంలో ఏళ్ల తరబడో, జ్ఞాపకమూ ఆలోచనా మందగిస్తాయి. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్, జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా క్షీణించే డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల 14 అంశాలను లెక్కగట్టినప్పుడు, నడివయసులో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటాన్ని కొత్తగా ఆ జాబితాలో చేర్చింది. ఆ అంశాలన్నిటినీ సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని దాని అంచనా.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం తేల్చింది. బెంగళూరుకు ఆనుకునే ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, తెలుగు ఇంటింటా వినబడే ఆ పల్లెల్లో, ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం 45 ఏళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ ముదిమిలో మెదడు మార్పులను గమనిస్తోంది. ఈ సమస్య మన గడపలోనే ఉన్నదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

మొదటి మెట్టు: నెల రోజుల లెక్క

ఏ నూనె మంచిదని అడగడానికి ముందు, ఎంత వాడుతున్నామో తెలుసుకోవాలి. నూనె ప్యాకెట్టు కత్తిరించిన రోజున దాని మీద మార్కరు పెన్నుతో తేదీ వేయండి. నెయ్యి డబ్బా మీదా, వెన్న పెట్టె మీదా అలాగే వేయండి. నెలాఖరున ఖాళీ అయినవాటిని లెక్కపెట్టి, ఇంట్లో తినేవారి సంఖ్యతో భాగించండి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములని గుర్తుంచుకుంటే చాలు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం, ఎక్కువ శారీరక శ్రమ లేని పురుషుడికి రోజుకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాములు కంటికి కనిపించే కొవ్వు సరిపోతుంది. కంటికి కనిపించే కొవ్వు అంటే నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి. ఈ లెక్కన ఇద్దరు పెద్దలకు నెలకు 1350 గ్రాములు, అంటే సుమారు లీటరున్నర. మా ఇంట్లో మొదటి నెల లెక్క వేసినప్పుడు అత్తయ్య, మామయ్యల వాటా దాదాపు రెండున్నర లీటర్లు తేలింది. అప్పటికి మామయ్య తన కూరలు విడిగా నూనె లేకుండా వండించుకుంటున్నారు కాబట్టి, మిగిలినదంతా ఎక్కడికి పోతోందో నాకు వెంటనే అర్థమైంది.

కారణం తాలింపు దగ్గర దొరికింది. అత్తయ్య నూనెను చెంచాతో కొలవరు, జారీ వంచి ధారగా పోస్తారు. ఒకసారి ఆ ధారను మూకుడుకు బదులు గిన్నెలోకి పోయమని అడిగి, చెంచాతో కొలిచి చూశాం. పప్పు తాలింపుకు పోసే ధార ఏడు చిన్న చెంచాలు వచ్చింది. ఆవాలు చిటపటలాడటానికి, కరివేపాకు వేగడానికి రెండు చెంచాలు చాలు. "ఇంత పోస్తున్నానా నేను?" అని ఆవిడే ఆశ్చర్యపోయారు. ఆ రోజు నుంచి జారీని పైకెత్తి పెట్టి, పొయ్యి పక్కన మూత ఉన్న చిన్న గిన్నె, అందులో ఒక 5 మిల్లీలీటర్ల చెంచా ఉంచాం. మిగతా మెట్లన్నీ కలిపినా ఇంత మార్పు తేలేదని నా అనుభవం.

రెండో మెట్టు: దాగి ఉన్న సంతృప్త కొవ్వును వెతకడం

రోజువారీ శక్తిలో సంతృప్త కొవ్వు (నెయ్యి, వెన్నల్లో ఎక్కువగా ఉండే, ఎల్‌డీఎల్‌ను పెంచే కొవ్వు) వాటా 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 1600 కేలరీలు తినే పెద్దవారికి అది దాదాపు 18 గ్రాములు. నెయ్యిలో 60 శాతానికి పైగా సంతృప్త కొవ్వే కాబట్టి ఒక చిన్న చెంచా నెయ్యితో సుమారు 3 గ్రాములు వస్తుంది. పప్పన్నంలో మొదటి ముద్దకు చెంచాడు నెయ్యి వేసుకోవడం వల్ల పెద్ద ప్రమాదమేమీ లేదు. ఆ ముద్దను పెద్దల నుంచి లాగేసుకోవడం నాకు సమ్మతం కాదు. అసలు లెక్క తప్పేది పాల దగ్గర.

ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు ఉంటుంది, టోన్డ్ పాలలో 3 శాతం. పొద్దున కాఫీ, సాయంత్రం టీ, రెండు పూటలా పెరుగు కలిపి ఒక మనిషి రోజుకు అర లీటరు పాలు వాడితే, ఫుల్ క్రీమ్ ప్యాకెట్టుతో 30 గ్రాముల కొవ్వు, అందులో 18 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు లోపలికి పోతుంది. అంటే కూరలో చుక్క నూనె పడకముందే ఆ రోజు కోటా నిండిపోయిందన్నమాట. టోన్డ్ పాలకు మారితే అది సగమవుతుంది. మాంసకృత్తులు, కాల్షియం దాదాపు అంతే అందుతాయి. అన్నీ మానేసి చిక్కిపోయిన మా మామయ్య ఫుల్ క్రీమ్ పాల గడ్డపెరుగు మాత్రం రెండు పూటలా వేసుకుంటూనే ఉన్నారు. ఈ ఒక్క మార్పును ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు, ఎందుకంటే పెరుగు అలాగే తోడుకుంది.

ఇక బేకరీ. ఈ ఊళ్లో వీధి మొదట్లో ఒక అయ్యంగార్ బేకరీ, వీధి చివర మరొకటి ఉంటాయి. సాయంత్రం నడకకు వెళ్లిన పెద్దలు ఖారా బన్ను, పఫ్, వెన్న బిస్కెట్లు పొట్లం కట్టించుకుని వస్తారు. పఫ్ పొరలు విడిపోయేలా రావడానికి గది వేడిలో గట్టిగా ఉండే కొవ్వు కావాలి, అది వెన్నో వనస్పతో మార్జరినో అవుతుంది. వనస్పతిలో ఒకప్పుడు ట్రాన్స్ ఫ్యాట్, అంటే నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే హానికరమైన కొవ్వు, విపరీతంగా ఉండేది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి దాన్ని 2 శాతానికి పరిమితం చేసింది, ఇది నిజంగా మంచి మార్పు. అయితే ట్రాన్స్ ఫ్యాట్ తగ్గినంత మాత్రాన ఆ కొవ్వు అసంతృప్తమైపోదు, చాలాచోట్ల దాని స్థానంలో పామాయిల్ చేరింది. ప్యాకెట్ల మీద హైడ్రోజనేటెడ్ అనీ, వెజిటబుల్ ఫ్యాట్ అనీ, పామోలిన్ అనీ జాబితాలో మొదటి మూడు పదార్థాల్లో కనిపిస్తే, ఆ తిండిని రోజూ కాకుండా ఎప్పుడైనా ఒకసారికి పరిమితం చేయండి. జపానులోని హిసయామా పట్టణంలో 60 ఏళ్లు దాటిన 1628 మందిని సుమారు పదేళ్లు గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తంలో ట్రాన్స్ కొవ్వు ఎక్కువగా ఉన్నవారికి డిమెన్షియా ఎక్కువగా వచ్చింది. ఇలాంటి గమనింపు అధ్యయనం ఇదే కారణమని రుజువు చేయలేదు గానీ, ట్రాన్స్ ఫ్యాట్ వల్ల మరే లాభమూ లేనప్పుడు దాన్ని వదులుకోవడానికి అంతకంటే రుజువు అవసరం లేదు.

మూడో మెట్టు: రెండు నూనెలను ఎంచుకోవడం

రాయలసీమ ఇళ్లలో తరతరాలుగా వాడుతున్న వేరుశనగ నూనెను వదిలిపెట్టనవసరం లేదు. అందులో దాదాపు సగం ఒలీక్ ఆమ్లం అనే అసంతృప్త కొవ్వు, ఆలివ్ నూనెకు పేరు తెచ్చినదీ అదే. సంతృప్త కొవ్వు ఐదో వంతు లోపే ఉంటుంది. దానితో పాటు నువ్వుల నూనె, తవుడు నూనె, ఆవనూనె, సోయా నూనెల్లో ఒకటి పెట్టుకుని, నెలకు ఒకటి చొప్పున మార్చుకోవచ్చు, లేదా తాలింపుకు ఒకటి, కూరకు ఒకటి వాడుకోవచ్చు. చివరి రెండింటికి ఒక ప్రత్యేకత ఉంది: శరీరానికి అవసరమైన ఒమేగా-3 కొవ్వుల వర్గానికి చెందిన ఏఎల్ఏ వాటిలో కొంత ఉంటుంది, మిగతావాటిలో ఉండీ లేనట్టే. ఆవనూనె ఘాటు మన నాలుకకు ఎక్కదు కాబట్టి మా ఇంట్లో దాన్ని ఊరగాయకే పరిమితం చేశాం.

బెంగళూరులో ఇప్పుడు ప్రతి పేటలోనూ చెక్క గానుగ దుకాణాలు వెలిశాయి. గానుగ నూనెకు కమ్మని వాసన ఉంటుంది, కొన్ని సహజ రక్షక పదార్థాలు మిగులుతాయి. కానీ కొవ్వుల పాళ్లు రిఫైండ్ నూనెలో ఎలా ఉంటాయో ఇందులోనూ అలాగే ఉంటాయి, కేలరీలూ అంతే. మంచి నూనె కదా అని రెట్టింపు పోస్తే మొదటి మెట్టులో చేసిన లెక్క మళ్లీ తప్పుతుంది.

ఆలివ్ నూనె గురించి అందరూ అడుగుతారు. స్పెయిన్‌లో జరిగిన ఒక పెద్ద పరీక్షలో భాగంగా 522 మందిని ఆరున్నరేళ్ల తరువాత పరీక్షిస్తే, ఆలివ్ నూనెతో లేదా గింజలతో కూడిన మధ్యధరా తీరపు ఆహారం తిన్నవారు, కొవ్వు తగ్గించమని సలహా మాత్రమే పొందినవారి కంటే ఆలోచనాశక్తి పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. ఈ ఫలితాన్ని యథాతథంగా మన వేరుశనగ నూనెకు అంటగట్టడం సరికాదు. అయితే వాళ్లు ఆలివ్ నూనెతో పాటు కూరగాయలు, పప్పులు, చేపలు, గింజలు కూడా పుష్కలంగా తిన్నారు. ఖరీదైన సీసా ఒక్కటి కొని, సాయంత్రం పఫ్ అలాగే తింటే ఆ ఫలితం రాదు. స్తోమత ఉంటే పచ్చడిలోనో, ఉడికించిన కూరగాయల మీదో చెంచాడు వేసుకోండి, లేకపోయినా చింత లేదు.

కొబ్బరి నూనె విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఆ వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. అందులో 80 శాతానికి మించి సంతృప్త కొవ్వే. అది కాలేయంలో కీటోన్లు అనే చిన్న ఇంధన పదార్థాలుగా మారి మెదడుకు ఇంధనమవుతుందన్నది ఒక ఊహ. కీటోన్లుగా తేలికగా మారే పొట్టి గొలుసుల కొవ్వులు అందులో తక్కువే, సగం దాకా ఉండేది అంత తేలికగా మారని లారిక్ ఆమ్లం. జ్ఞాపకశక్తిని కాపాడుతుందని నిలకడగా రుజువు చేసిన పెద్ద పరీక్ష ఏదీ లేదు. ఎల్‌డీఎల్‌ను పెంచుతుందన్నది మాత్రం రుజువైంది. అత్తయ్య మూడు నెలలు తాగిన తరువాత చేయించిన పరీక్షలో ఆవిడ ఎల్‌డీఎల్ పెరిగి కనిపించినప్పుడు, నేను వాదించవలసిన అవసరం రాలేదు. కాగితం చూసి ఆవిడే సీసాను తలకు రాసుకునే నూనెల పక్కకు చేర్చారు. కొబ్బరి పచ్చడి, కూరలో కోరు వేరే సంగతి, వాటిని ఎవరూ గ్లాసులో పోసుకుని తాగరు.

నాలుగో మెట్టు: ఒమేగా-3ను పళ్లెంలోకి తేవడం

మెదడు కణాల పొరల్లో ఎక్కువగా ఉండే ఒమేగా-3 కొవ్వు పేరు డీహెచ్ఏ. అది నేరుగా దొరికేది సముద్రపు చేపల్లో. మాంసాహారులు వారానికి రెండు సార్లు చేప తినడం మంచి అలవాటు, అయితే ఏ చేప అన్నది ముఖ్యం. మదనపల్లె వైపు అలవాటైన చెరువు చేపలు రోహు, కట్లలో ఒమేగా-3 తక్కువ. బెంగళూరుకు మంగళూరు తీరం నుంచి వచ్చే బంగుడె, భూతాయి చేపల్లో బాగా ఎక్కువ. కోస్తాంధ్రలో వాటినే కానాగంతలు, కవళ్లు అంటారు. ఇవి వంజరం కంటే ఎంతో చవక. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్టులోనే కాదు, పేటల్లోని చిన్న చేపల దుకాణాల్లోనూ దొరుకుతాయి. నూనెలో ముంచి వేయిస్తే చేప కొవ్వు కొంత పోయి వేపుడు నూనె లోపలికి చేరుతుంది కాబట్టి, చింతపండు పులుసుగానో, పెనం మీద చెంచాడు నూనెతోనో వండండి. చిన్న ముళ్లు పెద్దలకు ప్రమాదం, వడ్డించే ముందే తీసిపెట్టాలి.

శాకాహారులకు మామూలు ఆహారంలో దొరికేది ప్రధానంగా ఏఎల్ఏనే. శరీరం దాన్ని డీహెచ్ఏగా మార్చుకోవడం చాలా కొద్ది పాళ్లలోనే జరుగుతుంది. అయినా ఏఎల్ఏ తప్పనిసరిగా ఆహారం ద్వారానే అందవలసిన కొవ్వు కాబట్టి దాన్ని నిర్లక్ష్యం చేయకూడదు. అన్నిటికంటే సులువైనది అవిసె గింజలు. ఇక్కడి దుకాణంలో అగసె అని అడిగితే వెంటనే ఇస్తారు. దంచని గింజ నమలకుండా మింగితే జీర్ణం కాకుండానే బయటికి పోతుంది, కనుక పొడి చేయాలి. మా ఇంట్లో చేసే తీరు ఇది: వంద గ్రాముల గింజలను మందపాటి మూకుడులో, నూనె లేకుండా, సన్నని సెగ మీద వేయిస్తాం. మొదట ఏ చప్పుడూ ఉండదు, మూడు నాలుగు నిమిషాలకు ఒకటొకటిగా చిట్లడం మొదలై, వాసన నువ్వుల వాసనకు దగ్గరగా మారుతుంది. రంగు మారే దాకా ఆగకూడదు, మాడితే చేదెక్కుతుంది. చల్లారాక ఎనిమిది ఎండుమిరపకాయలు, జీలకర్ర, కాస్త చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి పొడి కొడతాం. ఈ పొడి త్వరగా ముక్కిపోతుంది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లో ముగించాలి. పాత రంగు డబ్బా తెరిచినట్టు వాసన వస్తే పారేయాలి, ఎంత మిగిలినా సరే. రోజుకు ఒక పెద్ద చెంచాడు పొడితో సుమారు ఒకటిన్నర గ్రాముల ఏఎల్ఏ వస్తుంది. పీచు ఎక్కువ కాబట్టి మొదటి వారం చిన్న చెంచాతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగించాలి. మాత్రలు వేసుకునే వేళకు దీనికి మధ్య కొంత వ్యవధి ఇవ్వాలి.

అక్రోట్లు కూడా మంచివే, రోజుకు నాలుగైదు పలుకులు చాలు. పళ్లు లేనివారికి రాత్రి నానబెట్టి మెత్తగా నూరి పెరుగులోనో రాగి జావలోనో కలిపి ఇవ్వండి. మింగడం కష్టమైన పెద్దలకు గింజలను ఎట్టి పరిస్థితుల్లోనూ పలుకులుగా ఇవ్వకూడదు.

చేపనూనె మాత్రల గురించి నా అభిప్రాయం దాచుకోను: జ్ఞాపకశక్తి కోసమే అయితే వాటికి డబ్బు పోయకండి. తేలికపాటి నుంచి మధ్యస్థ దశలో ఉన్న 402 మంది అల్జీమర్స్ రోగులకు రోజుకు 2 గ్రాముల డీహెచ్ఏ 18 నెలలు ఇచ్చి 2010లో ప్రకటించిన ఫలితంలో జబ్బు వేగం తగ్గలేదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద తరువాత జరిగిన పెద్ద పరీక్షలూ నిరాశనే మిగిల్చాయి. ఎక్కువ మోతాదు గుండె లయ తప్పే అవకాశాన్ని పెంచుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా అసలు మొదలుపెట్టరాదు.

ఐదో మెట్టు: వేయించిన నూనె

దీన్ని క్లుప్తంగానే చెప్పవచ్చు. పండక్కి వడలు, బజ్జీలు చేసిన తరువాత మిగిలిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడి ముగించండి. దానిలో కొత్త నూనె కలపకండి, మళ్లీ వేపుడుకు కాచకండి. పదేపదే కాగిన నూనెలో, అది విరగడం వల్ల పుట్టే పోలార్ పదార్థాలు పేరుకుంటాయి. హోటళ్లలో అవి 25 శాతం మించితే ఆ నూనె వాడకూడదన్నది చట్టం. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు కాబట్టి నురగ, చిక్కదనం, నల్లరంగు, పొగ త్వరగా రావడం, వీటిలో ఏది కనిపించినా పారబోయవలసిందే.

ఆరో మెట్టు: చిక్కిపోతున్న పెద్దలకు నియమం వేరు

ఈ మార్గదర్శిలో చాలామంది దాటవేసే భాగం ఇదేనని నా భయం. పైన చెప్పినదంతా బరువు నిలకడగా ఉన్నవారికి. 75 దాటి, ఆకలి తగ్గి, బట్టలు వదులవుతున్న మనిషి విషయంలో కొవ్వు తగ్గించడం హాని చేస్తుంది. కారణం తెలియకుండా బరువు తగ్గడం కొందరిలో డిమెన్షియా బయటపడటానికి ముందే మొదలవుతుంది కూడా. నెలకొకసారి, ఒకే తూకం మీద, ఒకే వేళకు బరువు చూసి కాగితం మీద రాయండి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కు వస్తే, వైద్యుణ్ణి కలవాలి. అలాంటివారికి నూనె కోయకుండా రకం మాత్రమే మార్చండి: సంగటిలోకి వేరుశనగ ఊరుబిండి, జావలో నువ్వుల పొడి, పప్పులో మరో చెంచా నూనె. మామయ్యకు మేము చేసింది ఇదే. ఊరుబిండి మళ్లీ పళ్లెంలోకి వచ్చిన రోజున ఆయన రెండో ముద్ద సంగటి అడిగారు, ఆరు నెలల్లో మూడు కిలోలు తిరిగి వచ్చాయి. ఇప్పటికే డిమెన్షియా ఉన్నవారికి తగినంత తినడమే మొదటి లక్ష్యం. వారు ఇష్టంగా తినేది నేతి పొంగలే అయితే పెట్టండి.

ఏడో మెట్టు: పరీక్షలు, మందులు

మార్పులు మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలల తరువాత ఒకసారి పరగడుపున లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష, చేయించండి. మొదటిసారి దానితో పాటు రక్తపోటు, చక్కెర, థైరాయిడ్, విటమిన్ బి12 కూడా చూపించండి. పూర్తి శాకాహారులైన పెద్దల్లో బి12 లోపం తరచుగా కనిపిస్తుంది, దాని వల్ల వచ్చే మతిమరుపుకు ఏ నూనే మందు కాదు. అది బి12 ఇస్తే చాలావరకు సరిదిద్దుకోదగినది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతున్నవారు, అది మతిమరుపు తెస్తుందన్న మాట విని సొంతంగా ఆపకూడదు. పెద్ద సంఖ్యలో రోగులను గమనించిన అధ్యయనాల్లో స్టాటిన్ల వల్ల డిమెన్షియా పెరిగినట్టు తేలలేదు, ఆపడం వల్ల పక్షవాతం ముప్పు మాత్రం పెరుగుతుంది. అనుమానం ఉంటే మోతాదు గురించి వైద్యునితో మాట్లాడండి.

మూడు నెలలకు ఎల్‌డీఎల్‌లో మార్పు కాగితం మీద కనిపిస్తుంది, జ్ఞాపకశక్తిలో మార్పు మాత్రం అలా కనిపించదు. 2023లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో మెదడు కోసమే రూపొందించిన ఆహారాన్ని 604 మందితో మూడేళ్లు పాటింపజేసినా, మామూలు ఆహారంలో కేలరీలు కాస్త తగ్గించినవారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూడేళ్ల కాలం చాలలేదా, ఎంచుకున్న మనుషులు అప్పటికే బాగా తింటున్నవారా అన్న చర్చ సాగుతోంది. అందువల్ల ఆహారం మార్చామన్న ధీమాతో లక్షణాలను పక్కన పెట్టకండి. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే పదేపదే అడగడం, డబ్బు లెక్కలు తారుమారు కావడం, మాట వెతుక్కోవడం కొన్ని నెలలుగా కనిపిస్తుంటే నిమ్హాన్స్ వంటి ఆసుపత్రిలో నాడీ వైద్యులకు చూపించాలి. ముఖం ఒక పక్కకు జారినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా ఆ గంటలోనే పక్షవాత చికిత్స ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు తీసుకువెళ్లండి. మామూలు సంప్రదింపుకైతే నెలనెలా రాసిన బరువుల కాగితమూ, నూనె లెక్కా కూడా చేతిలో పెట్టుకోండి. మా అత్తయ్య మొదటిసారి ఆ కాగితం తీసి చూపినప్పుడు, ఇలా రాసుకుని వచ్చినవారికి సలహా చెప్పడం తేలిక అన్నారు వైద్యురాలు, దానిని ఫైలులో మొదటి పేజీగా గుచ్చుకున్నారు.